గెట్టు మీద టేకా, జామాయిలా: ఏది మేలు?

పాలమూరు ఎర్ర చెల్కల్లో గెట్టు వెంట చెట్లు పెట్టే రైతు ముందుగా చూడాల్సింది కలప ధర కాదు, పక్కనున్న పైరు. కంది, పత్తి వేసే చేను గెట్టుకు జామాయిల్ వద్దే వద్దు. వానకూ వానకూ మధ్య ఎడం వస్తే దాని పక్కవేళ్లు పైమట్టిలో తేమను పైరు కంటే ముందే లాగేస్తాయి. గెట్టు పక్క సాళ్లు గిడసబారతాయి.

టేకూ పీలుస్తుంది, కాని దాన్ని అదుపులో పెట్టొచ్చు. చెట్ల వరసకు మీటరు దూరంలో, చేను వైపు అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కందకం తీసి, పూడినప్పుడల్లా ఎత్తిపోస్తే పక్కవేళ్లు తెగుతాయి. నలుచదరపు ఎకరానికి చుట్టుగెట్టు సుమారు 254 మీటర్లు. 3 మీటర్లకొకటి చొప్పున 85 దాకా చెట్లు పడతాయి. బొటనవేలంత లావు స్టంపును (వేరు, కాస్త కాండం ఉంచి కోసిన టేకు నారును) తొలకరికి నేల బాగా నానాక గడ్డపారతో పొడిచిన గుంతలో దించి, మడమతో గట్టిగా తొక్కాలి. లోపల గాలి మిగిలితే వేరు ఎండిపోతుంది. మూడడుగుల లోపే మొరం తగిలే చోట మాత్రం టేకు ఎదగదు.

జామాయిల్‌కు తగిన చోటు పంట గిట్టని దూరపు ముక్క. 3×2 మీటర్ల ఎడంలో ఎకరానికి 670 పైచిలుకు మొక్కలు, 4-5 ఏళ్లకు కోత, ఆపైన పిలకల కోతలు. మొద్దును జానెడు లోపు ఎత్తులో, బెరడు చీలకుండా ఏటవాలుగా కోయాలి. బెరడు ఊడితే పిలక పట్టు దొరక్క గాలికి విరుగుతుంది. మహబూబ్‌నగర్ నుంచి ఈ కలప వెళ్లే, భద్రాచలం దగ్గరి సారపాక కాగితం మిల్లు 400 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. మొక్క పెట్టకముందే లారీ కిరాయి లెక్క వేసుకోండి.

ఇక అనుమతి కాగితాల సంగతి. ఢిల్లీలో అడవులు 1985 దాకా వ్యవసాయ మంత్రిత్వ శాఖలోనే ఉండేవి, ఆ ఏడాది పర్యావరణంతో కలిపి వేరే శాఖ చేశారు. 2014లో వచ్చిన జాతీయ అగ్రోఫారెస్ట్రీ (చేలల్లో చెట్ల పెంపకం) విధానం మాత్రం వ్యవసాయ శాఖ చేతిలోనే ఉంది. అందుకే పెంచేటప్పుడు మీ క్లస్టర్ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని), కొట్టేటప్పుడు అటవీ రేంజ్ ఆఫీసును కలవాలి. జామాయిల్‌కు నరికివేత అనుమతిలో మినహాయింపు ఉంది. టేకుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, ఆపైన రవాణా పర్మిట్ కావాలి. ఈ తిప్పలకు జంకే చాలామంది నిలువు చెట్లను బేరగాళ్లకు తక్కువ ధరకే వదిలేస్తున్నారు, ఇది చాలా బాధాకరం. పాస్‌బుక్కు, సర్వే నంబరు, చెట్ల లెక్క, ఒక్కోదాని చుట్టుకొలత రాసిపెట్టుకుని, బేరానికి ముందే దరఖాస్తు ఇవ్వండి.