బీటిల్స్ సీడీలు: 1987, 2009, కొత్త రీమిక్స్‌లలో ఏది కొనాలి

సీడీ అట్ట మీద 'రీమాస్టర్డ్' అని చూసి డబ్బు పెట్టకండి. బీటిల్స్ విషయంలో ముందు అడగాల్సింది లోపల ఏ మిక్స్ ఉందని. విడివిడిగా రికార్డు చేసిన గొంతులు, వాయిద్యాలను కలిపి పాటగా చేయడమే మిక్స్. మాస్టరింగ్‌లో తయారైన టేపునే తీసుకుని బాస్, ట్రెబుల్, లెవెల్ సరిచూసి సీడీకి ఎక్కిస్తారు. మిక్స్ మారితే గొంతు ఏ వైపు వినపడాలి, డ్రమ్స్ ఎంత ఉండాలి, కొన్నిసార్లు పాట ఎంత వేగంగా నడవాలి అన్నీ మారిపోతాయి. ఒకే ఆల్బమ్ రెండు సీడీల్లో రెండు రకాలుగా వినపడటానికి చాలావరకు ఇదే కారణం.

1987లో వచ్చిన మొదటి సీడీల్లో తొలి నాలుగు ఆల్బమ్‌లు మోనోలోనే, అంటే రెండు స్పీకర్లలో ఒకే శబ్దంతో, ఉన్నాయి. 'హెల్ప్', 'రబ్బర్ సోల్' రెండింటినీ బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ స్టీరియోకి మళ్లీ మిక్స్ చేశాడు. ఈ సీడీల సౌండ్ కాస్త పలచన. అయినా పాత సామాన్ల దుకాణంలో తక్కువకు దొరికితే తొలి నాలుగూ తీసుకోవచ్చు.

2009 సెప్టెంబర్ 9న మొత్తం ఆల్బమ్‌లు కొత్త మాస్టర్లతో వచ్చాయి. అబ్బే రోడ్ స్టూడియో ఇంజనీర్లు నాలుగేళ్లు పనిచేసి, టేపులను 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో డిజిటల్‌లోకి మార్చారు. మొత్తం 525 నిమిషాల సంగీతంలో నాయిస్ తగ్గించే పని చేసింది ఐదు నిమిషాల లోపే. టేపు 'హిస్' (వెనక వినపడే సన్నటి సుయ్‌మనే శబ్దం) అలాగే ఉంచారు, అది సరైన నిర్ణయం. హిస్ తీస్తే డ్రమ్స్ తాళాల (సింబల్స్) మోత, గొంతులోని ఊపిరి కూడా దానితో పోతాయి. స్టీరియో సీడీలకు కొద్దిగా లిమిటింగ్ (శిఖరాలను అణచి మొత్తం సౌండ్ పెంచడం) చేశారు, మోనో సెట్‌కు అది కూడా చెయ్యలేదు.

ఆ మోనో సెట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 13 సీడీలు, జపాన్‌లో తయారైనవి, విడిగా అమ్మలేదు. 1968 దాకా ఈ బ్యాండు మనసు పెట్టి దగ్గర కూర్చుని చేయించుకున్నది మోనో మిక్సే. స్టీరియోను ఎక్కువగా ఇంజనీర్లకు వదిలేశారు. అందుకే రెండింటి మధ్య తేడాలు చిన్నవి కావు. 'సార్జెంట్ పెప్పర్'లో 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' వినండి. హార్మోనియం మెట్ల లెక్కలో చెబితే, స్టీరియోలో పాట తెలుపు మూడు శ్రుతిలో ఉంటుంది, మోనోలో తెలుపు నాలుగుకు ఎక్కి వేగం కూడా పెరుగుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో ఈ ఒక్క స్వరస్థానం తేడా ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. స్టీరియోలో ఏడుపులా సాగే పాట మోనోలో ఇల్లు వదిలి వెళ్లే పిల్ల నడకలా ఉంటుంది. 'వైట్ ఆల్బమ్'లో 'హెల్టర్ స్కెల్టర్' మాత్రం స్టీరియోలోనే వినాలి. మోనోలో అది మూడున్నర నిమిషాలకే అయిపోతుంది, చివర డ్రమ్మర్ రింగో వేళ్ల బొబ్బల గురించి వేసే కేక కూడా ఉండదు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. మోనో సెట్‌లోని 'హెల్ప్', 'రబ్బర్ సోల్' డిస్కుల మీద మోనోతో పాటు 1965 నాటి అసలు స్టీరియో మిక్స్ కూడా ఉంది. విడిగా అమ్మే 2009 స్టీరియో సీడీల్లో ఉన్నది మార్టిన్ తర్వాత చేసిన మిక్స్. ఈ రెండు ఆల్బమ్‌ల కోసమైనా సెట్‌కు ఖర్చు పెట్టొచ్చు.

స్టీరియో సీడీ పెట్టి ఆంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కితే మోనో మిక్స్ రాదు. రెండు వైపులూ కలిసి మధ్యలో ఉన్నవి పెరుగుతాయి, పక్కన ఉన్నవి వెనక్కి తగ్గుతాయి, అంతే. తొలి రెండు ఆల్బమ్‌ల స్టీరియోలో అయితే వాయిద్యాలు ఎడమకు, గొంతులు కుడికి పంచేశారు. ఒక్క ఇయర్‌బడ్ పెట్టుకుని విన్నవాళ్లకు సగం పాటే అందుతుంది. వాటిని మోనోలోనే కొనండి. మూడు, నాలుగు ఆల్బమ్‌లకు నాలుగు ట్రాకుల (నాలుగు భాగాలను విడిగా రికార్డు చేసే) మిషను వాడారు కనుక స్టీరియో బాగానే ఉంటుంది.

'రివాల్వర్' సంగతి వేరు. 2022 రీమిక్స్‌కు జార్జ్ మార్టిన్ కొడుకు గైల్స్ మార్టిన్ ఒక సాఫ్ట్‌వేర్ వాడాడు, దాన్ని తయారుచేసింది సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం. ఒకే ట్రాకులో కలిసిపోయిన డ్రమ్స్, బాస్, గిటార్లను అది విడదీస్తుంది. 1966 స్టీరియోలో 'ట్యాక్స్‌మన్' బరువంతా ఎడమవైపు ఉండేది, ఇప్పుడు మధ్యకు వచ్చింది. 'ఎలినార్ రిగ్బీ'లో నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు. పాత స్టీరియోలో ఈ ఎనిమిదీ ఒక ముద్దగా ఉండి, చరణాల్లో పాల్ మెకార్ట్నీ గొంతు కుడి మూలకు పోతుంది. మొదటి చరణం ఆరంభంలో 'ఎలినార్' అన్న మాట రెండో వైపు నుంచి కూడా ఒక్క క్షణం వినపడుతుంది, ఫేడర్ (మిక్సర్ మీద శబ్దం తగ్గించే మీట) ఆలస్యంగా దించిన గుర్తు అది. కొత్త మిక్స్‌లో గొంతు మధ్యలో నిలబడింది, కమాను తీగ మీద గీసుకునే శబ్దం దగ్గరగా తెలుస్తుంది. వయొలిన్ విన్న చెవికి ఇది పండగే. ఐదు సీడీల పెట్టెలో మోనో ఆల్బమ్ కూడా ఉంది. రెండు సీడీల దానిలో లేదు, కొనేటప్పుడు చూసుకోండి.

2017 'పెప్పర్' రీమిక్స్‌లో 'షీ ఈజ్ లీవింగ్ హోమ్'ను మోనో వేగానికే తెచ్చారు. కానీ సౌండ్ బాగా పెంచేశారు, ఎక్కువసేపు వింటే చెవి అలసిపోతుంది. 'అబ్బే రోడ్', 'లెట్ ఇట్ బీ'లకు 2009 సీడీ చాలు.

రెండు ఎడిషన్లు పోల్చేటప్పుడు ముందు వాల్యూమ్ సమానం చెయ్యండి. రెండు, మూడు డెసిబెల్స్ ఎక్కువున్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. కంప్యూటర్‌లో పాటలు వినిపించే ఫూబార్ 2000 ప్రోగ్రామ్‌లో, వాల్యూమ్ సమానం చేసే రీప్లేగెయిన్ పెట్టుకుని, అదే ముప్పై సెకన్లు మార్చి మార్చి వినాలి.

1983లో జపాన్‌లో తోషిబా వేసి వెనక్కి తీసుకున్న 'అబ్బే రోడ్' సీడీకి సేకర్తల్లో గిరాకీ ఎక్కువ. అది ప్రీ-ఎంఫసిస్‌తో, అంటే ట్రెబుల్‌ను ముందే పెంచి ఎక్కించిన పద్ధతిలో, వచ్చింది. సీడీ ప్లేయర్ దాన్ని తానే సరిచేస్తుంది. కంప్యూటర్‌లో రిప్ చేస్తే (ఫైళ్లుగా కాపీ చేస్తే) సరికాకుండా, పైన ట్రెబుల్ దాదాపు పది డెసిబెల్స్ మిగిలిపోయి తాళాలు చెవిలో గుచ్చుకుంటాయి. అప్పుడు సాక్స్ (SoX) అనే ఆడియో ప్రోగ్రామ్‌లో డీ-ఎంఫసిస్ ఫిల్టర్ వెయ్యాలి.

మోనో పెట్టెలకు నకిలీలు చాలా ఉన్నాయి. 'మేడ్ ఇన్ జపాన్' లేకపోతే, అట్టల మీద అక్షరాలు అలుక్కుపోయి ఉంటే వదిలెయ్యండి. అసలు అట్టలు మందంగా, ఎల్పీ కవర్లలాగే ముడిచి ఉంటాయి. 2009 స్టీరియో డిస్కులు కూడా అట్ట జేబులోనే వస్తాయి, లాగినప్పుడల్లా గీతలు పడతాయి. ప్లాస్టిక్ లోకవర్లు కొని వేసెయ్యండి. శ్రీకాకుళం తీరం దగ్గర వానాకాలం చెమ్మకు అట్టలు ఉబ్బి బూజు పడతాయి కాబట్టి, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, దసరాకు ఒకసారి తీసి నీడలో ఆరబెట్టండి. డిస్కు తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు, ఎప్పుడూ గుండ్రంగా కాదు.