సైకిలా, హాస్టలా, నగదా? ఆడపిల్ల బడి మానకుండా ఉండాలంటే ఏది మేలు?

ఏడో ఎనిమిదో చదివి ఆగిపోయిన అమ్మాయిల ఇళ్లలో అడిగితే మూడు కారణాలు ఎక్కువగా వినిపిస్తాయి. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది, ఒంటరిగా పంపలేం. మేము వలస పోతున్నాం, చంటివాణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలి. మంచి సంబంధం వచ్చింది, మళ్లీ దొరకదు. మన ప్రభుత్వాల దగ్గర కూడా ముఖ్యంగా మూడు దారులున్నాయి: సైకిల్ ఇవ్వడం, హాస్టల్లో ఉంచడం, డబ్బు ఇవ్వడం.

సైకిల్ సంగతి బీహార్‌లో తేలింది. అక్కడ 2006లో 9వ తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిల్ కోసం 2,000 రూపాయలు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ లెక్క తీస్తే హైస్కూల్లో అమ్మాయిల చేరికలు 32 శాతం పెరిగాయి. బడి 3 కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లకే ఎక్కువ మేలు జరిగింది. మన దగ్గర ఇప్పుడు ఆర్టీసీ బస్సు ఉచితం, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి. కానీ బడి వేళకు ఊరికి బస్సే రాకపోతే ఉచిత టికెట్ దేనికి? అలాంటి ఊళ్లకు ఈ రోజుకీ సైకిలే మేలు.

వలస ఇంటి పిల్లకు మాత్రం సైకిల్ పనికిరాదు. కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తాయి. ఇల్లే తాళం వేసి ఉంటే పిల్ల ఎక్కడుండి చదవాలి? ఇలాంటి వాళ్లకోసమే 2004లో హాస్టల్ కూడా ఉండే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలయ్యాయి. ఇప్పుడు చాలా చోట్ల ఇంటర్ దాకా ఉన్నాయి.

హాస్టల్‌కు నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఇంకో కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో దేశమంతటా 59 శాతానికి రక్తం తక్కువ. దానికి వారానికొక ఐరన్ మాత్ర ఉంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, అందుకే చాలామంది పిల్లలు మింగకుండా పారేస్తారు. హాస్టల్లో అన్నం తిన్నాక వార్డెన్ ఎదురుగా వేయించవచ్చు. నెలసరి ఇబ్బంది, నీరసం, చదువులో వెనకబాటు, అన్నీ చూసే మనిషి ఒకరుంటారు. బయట ఇదే పని ముక్కలైపోతుంది: బడికొచ్చే పిల్లకు మాత్ర టీచరివ్వాలి, బడి మానేసిన పిల్లకు అంగన్‌వాడీలో ఇవ్వాలి. పిల్ల బడి మానేసిందని టీచర్ అంగన్‌వాడీకి చెప్పకపోతే ఆ అమ్మాయి ఎవరి లెక్కలోనూ ఉండదు.

హాస్టల్లో లోటు లేదని కాదు. గదులు ఇరుకు, నీళ్లకు కటకట, ఇంటిమీద బెంగ, ఇవన్నీ నిజమే. అన్నిటికన్నా పెద్ద గండం వేసవి సెలవులు. పిల్ల ఇంటికొస్తుంది, ముహూర్తాలూ అప్పుడే ఉంటాయి.

ఇక నగదు. పశ్చిమ బెంగాల్ 2013 నుంచి కన్యాశ్రీ ఇస్తోంది. 18 నిండేదాకా పెళ్లి కాకుండా చదువుతూ ఉంటే 25,000 రూపాయలు. అయినా 18 లోపే పెళ్లయిన యువతులు ఆ రాష్ట్రంలో 2015-16లో 41.6 శాతం, 2019-21లోనూ అంతే. డబ్బు ఒక్కటే పెళ్లిని ఆపదని నాకు అర్థమైంది. తెలంగాణ కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు పెళ్లి సమయానికి వస్తుంది. 18 నిండాలన్న షరతు మంచిదే. కానీ ఆ సొమ్ము ఇంటర్ ఫీజుకో నర్సింగ్ కోర్సుకో వస్తే తండ్రి మనసులో లెక్క వేరుగా ఉండేది.

నన్నడిగితే, బడి దూరమైతే సైకిల్, వలస ఇల్లయితే కస్తూర్బా, సంబంధాల ఒత్తిడి ఉన్న ఇంటికి చదువుతో ముడిపెట్టిన డబ్బు. ఒక్కటే ఎంచుకోమంటే హాస్టల్. అదీ సెలవుల్లో పిల్లను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటేనే. దీనికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. ఏప్రిల్‌లో ఇంటికెళ్లే అమ్మాయిల పేర్లు ఆ ఊరి ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచర్‌కు ఇవ్వాలి. జూన్‌లో బడి తెరిచాక వారంలోగా రాని పిల్ల ఇంటికి వాళ్లిద్దరూ వెళ్లాలి. పెళ్లి మాట వినబడితే ఆ రోజే పిల్లల సహాయ నంబర్ 1098కి ఫోన్ చేయాలి.