యలహంక వైపు ఇంటికొచ్చి ఎద చూసే పశు వైద్య సేవ: స్కానింగు కన్నా ఒంటి మార్కే విలువైంది

యలహంక, దొడ్డబళ్ళాపురం చుట్టుపక్కల కొట్టాలకే వచ్చి, ఎదకు రాని సీమావులను చూసిపోయే ప్రైవేటు సేవ ఇది. అందరూ స్కానింగు కోసమే పిలుస్తారు. నిజానికి డబ్బు కట్టదగింది దానికి ముందు ఆవు ఒళ్ళు చూసి వేసే మార్కుకు.

మార్కు 1 నుంచి 5 దాకా, పావు చొప్పున. పక్కన నిలబడి చూస్తే తుంటి ఎముకకూ పిర్ర ఎముకకూ మధ్య గీత ‘వి’ అక్షరంలా లోతుగా దిగితే 3 లేదా అంతకు లోపు, ‘యు’లా గుండ్రంగా ఉంటే 3.25 లేదా పైన. ఆ తర్వాత తుంటి ఎముకను అరచేత్తో నొక్కుతారు. కోసుగా తగిలితే 2.75కు దిగుతుంది. నడుము ఎముకల కొసలు, తోక మొదట్లో గుంట చివర్న చూస్తారు. రాగిగడ్డి మేసి పొట్ట ఉబ్బిన ఆవును చూసి మోసపోరు. అక్కడే వీళ్ళ పనితనం తెలుస్తుంది.

ఈనేనాటికి 3 నుంచి 3.5 ఉండాలి. తర్వాత రెండు నెలల్లో అర మార్కు తగ్గినా ఫరవాలేదు. ఒక మార్కు పోయిందంటే సుమారు 50 కిలోల బరువు పోయినట్టే. పాలకు పోయే శక్తి మేతలో రాకపోతే ఒంట్లో కొవ్వు కరుగుతుంది, రక్తంలో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే హార్మోన్లు పడిపోతాయి. ఫాలికిల్ (అండాశయం మీద అండం పెరిగే నీటి బుడగ) పండాలంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, అండం విడుదల చేయించే హార్మోను ఎల్‌హెచ్‌ను దాదాపు గంటకోసారి వదలాలి. బక్కావులో అది అరుదవుతుంది. ఫాలికిళ్ళు పుడుతూనే ఉంటాయి గానీ ఎదకు తెచ్చే హార్మోను ఈస్ట్రోజన్ చాలినంత తయారుకాదు. దాంతో ఎద కనబడదు, అండం విడుదల కాదు, ఫాలికిల్ అలాగే వాడిపోతుంది. ‘స్కానింగులో బుడగ కనిపించింది కదా, ఎదకెందుకు రాలేదు?’ అంటే జవాబు ఇదే.

ఈ సంగతి తెలిసినవాళ్ళే 2.5 కూడా లేని ఆవుకు ఇంజెక్షన్ల వరస రాసేయడం నచ్చలేదు. మొదటి రోజు పిట్యూటరీ చేత ఎల్‌హెచ్ వదిలించే జీఎన్ఆర్‌హెచ్, 7 రోజులకు ప్రోస్టాగ్లాండిన్, మరో 2 రోజులకు మళ్ళీ జీఎన్ఆర్‌హెచ్, 16 గంటలకు కృత్రిమ గర్భధారణ సూది. ప్రోస్టాగ్లాండిన్ పనిచేయాలంటే అండాశయం మీద కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే గడ్డ) ఉండాలి. లేనిదాన్ని అది కరిగించేదేముంది? డబ్బు కట్టేముందు ‘లూటియం ఉందా డాక్టర్ గారూ?’ అని అడగండి. లేదని చెబితే, ప్రొజెస్టిరోన్ హార్మోను వదిలే పరికరాన్ని 7 రోజులు యోనిలో పెట్టే పద్ధతి మెరుగు, అదీ ఒళ్ళు పట్టాకే.

4 దాటిన ఆవుల సంగతి కూడా బాగానే పట్టించుకుంటారు. బీరు పిప్పి, బూసా ఎక్కువ తిని లావెక్కిన ఆవు ఈనగానే మేత మానేస్తుంది, కాలేయానికి కొవ్వు పట్టి కీటోసిస్‌లో (రక్తంలో కీటోన్లు పేరుకునే జబ్బు) పడుతుంది. వట్టిపోయాక చిక్కబెట్టడం ప్రమాదం. పాలిచ్చే చివరి నెలల్లోనే దాణా తగ్గించాలని సరిగ్గా చెప్పారు.

దాణా చీటీ మామూలే: రెండున్నర లీటర్ల పాలకు కిలో దాణా, రోజుకు 100-150 గ్రాముల బైపాస్ కొవ్వు (పొట్ట మొదటి గదిలో కరగకుండా ముందుకు పోయే కొవ్వు), 50 గ్రాముల ఖనిజ మిశ్రమం. ఇంగ్లీషులో ఇస్తారు, పాలు పిండే మనిషికి ఏం లాభం? ప్రాంతాన్ని బట్టి ఖనిజ మిశ్రమాలు రూపొందించిన జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఇక్కడే బెంగళూరు ఆడుగోడిలో ఉంది. ఆ మాటే ఎత్తకపోవడం వింత.

ప్యాకేజీలో ఒళ్ళు చూసేది ఈనిన 60 రోజులకు ఒక్కసారే. అప్పటికి నష్టం జరిగిపోయి ఉంటుంది. అదనంగా కట్టి అయినా వట్టిపోయేటప్పుడు, ఈనినప్పుడు, 30 రోజులకు కూడా మార్కు వేయించుకోండి. చూడి పరీక్షకు మాత్రం వీళ్ళ స్కానింగుకు తిరుగులేదు, సూది వేసిన 30 రోజులకే చెప్పేస్తారు. తొలి దశలో పిండం పోయే అవకాశం ఉంటుంది కాబట్టి 60 రోజులకు మళ్ళీ చూపించాలి, ఆ రెండో పరీక్ష రేటులోనే కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోండి.