రీమాస్టర్ బ్లూరే పేరుతో టీవీ రికార్డింగ్ అమ్ముతున్నాడు, రెండో విడత కాపీలకి డబ్బు కట్టకండి

మన గోదావరి లంకల సినిమా బ్లూరే కోసం ఆ సెల్లర్‌కి ఎవరైనా డబ్బు పంపబోతుంటే దయచేసి ఆగండి. నా పార్సెల్ నిన్న సాయంత్రం వచ్చింది. అందులో ఉన్నది రీమాస్టర్ (అసలు ఫిల్ము నుంచి శుభ్రంగా మళ్ళీ తయారుచేసిన కాపీ) కాదు. టీవీలో వేసినప్పుడు రికార్డు చేసిన కాపీని కంప్యూటర్లో సాగదీసి, ఖాళీ డిస్కు మీద రాసి, రంగుల అట్ట తొడిగి, రెండు వేల నాలుగు వందలకి అమ్ముతున్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కోపంలోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆయనెవరో డిస్కులు కొనేవాళ్ళందరికీ తెలుసు. పాత డీవీడీలు, గ్రామఫోను రికార్డులు, పాటల పుస్తకాలు అమ్ముతాడు. ఇంతకుముందు నేను కొన్నవి బాగానే వచ్చాయి. ఈ సినిమాకి ఆయన పెట్టిన ప్రకటన చాలామంది చూసే ఉంటారు: నెగటివ్ చెన్నైలో ఒక ల్యాబ్‌లో దొరికింది, ఫోర్‌కే స్కాన్ చేయించాం, హక్కులు తీసుకున్నాం, పూర్తి స్కోప్ (వెడల్పు తెర) ఫ్రేము, ఐదు వందల కాపీలే. జరగని పనేమీ కాదు కదా. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’తో మొదలయ్యే మూడు అపు చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్‌లో మంటల్లో పడితే, మిగిలిన ముక్కల్ని ఇటలీలోని బొలోన్యాలో బాగుచేసి 2015లో బ్లూరే తెచ్చారు. అలాంటిది మన తెలుగు సినిమాకి ఒక్కదానికైనా జరగాలని ఎన్నేళ్ళుగా చూస్తున్నాం! ఆ ఆశనే వాడుకున్నాడు ఈ మనిషి.

గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ సినిమా ఎందుకంత ముఖ్యమో బయటివాళ్ళకి ఒక్క మాటలో చెప్తాను. ఇది 1986 ఆగస్టు వరదకి ముందు తీసింది. ఆ వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. తర్వాత 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. సినిమాలో కనబడే గట్టు, ఆ చెట్ల వరస, రేవు పాక ఇప్పుడు ఎక్కడా లేవు. అవి చూడాలంటే ఈ సినిమాలోనే చూడాలి.

మా ఇంటికి ఇంకో కారణం ఉంది. మా పెదనాన్న అప్పట్లో కోటిపల్లి రేవులో లాంచీ నడిపే సరంగు. షూటింగుకి లాంచీ కావాలంటే ఈయన్నే పిలిచారు. నాయిక లాంచీ బల్ల మీద నుంచి దిగే షాట్‌లో కుడివైపు అంచున తాడు పట్టుకుని నిలబడ్డది ఆయనే. సినిమా ఆడినన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళు ఆయన్ని చూడ్డానికే పడవ దాటి అమలాపురం వెళ్ళేవారట.

వీడియో క్యాసెట్ వచ్చాక తెర మీద ఆయన కనబడకుండా పోయాడు. స్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు. పాత టీవీ 1.33 రెట్లు. ఆ టీవీకి నిండుగా వెయ్యాలంటే రెండు పక్కలా కోసెయ్యాలి, నలభై శాతానికి పైగా బొమ్మ పోతుంది. మా ఇంట్లో ఉన్న క్యాసెట్‌లో ఆ షాట్‌లో తాడు మాత్రం కనబడుతుంది. బిగుసుకుని, తెర అంచు దాకా వెళ్ళి ఆగిపోతుంది. పట్టుకున్న చెయ్యి లేదు. తర్వాత వచ్చిన వీసీడీ, డీవీడీ రెండూ అదే కాపీ నుంచి చేసినవే.

ఇదంతా నేను ఆ సెల్లర్‌కి ఫోన్లో చెప్పాను. పెదనాన్నకి ఎనభై దాటాయనీ, కంటి ఆపరేషన్ అయిందనీ, ఒక్కసారి ఆ షాట్ చూపించాలనీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మర్నాడు ఒక ఫొటో పంపాడు. కింద ఇలా రాశాడు: ‘అన్నా, ఇది మన స్కాన్‌లో ఫ్రేము. మీ పెదనాన్నగారు పూర్తిగా ఉన్నారు చూడండి.’ నిజంగానే ఉన్నాడు. పంచె ఎగ్గట్టి, తాడు భుజం మీదుగా తీసుకుని, పాతికేళ్ళ కుర్రాడిలా. ఆ ఫొటో చూసి మా ఇంట్లో ఆడవాళ్ళు ఏడ్చారు. నేను వెంటనే ఒకటి కాదు, మా అక్కకీ బాబాయికీ కలిపి మూడు కాపీలకి కట్టాను. తెలిసినవాళ్ళకి కూడా చెప్పమంటే చెప్పాను. వాళ్ళలో కొందరు ఈ పోస్టు చదువుతారు.

నిన్న పెదనాన్నని ముక్తేశ్వరం నుంచి ఆటోలో తీసుకొచ్చాం. టీవీకి దగ్గరగా కుర్చీ వేశాం. మొదటి పాటకే మా ఆవిడ, ‘ఇది ఇంత పైశ్రుతిలో ఉండదే, గొంతు సన్నబడిందేంటి?’ అంది. తనకి పాట బాగా తెలుసు. పట్టించుకోకుండా ముందుకి పోనిచ్చాం. కుడివైపు పై మూలలో ఒక మసక ముద్ద, సినిమా మొత్తం అక్కడే కూర్చుని ఉంది. ఛానల్ గుర్తుని చెరిపిన మచ్చ అది. ఆకాశం మీద కూడా అదే మచ్చ, నాయిక జుట్టు మీద కూడా అదే మచ్చ.

లాంచీ షాట్ వచ్చింది. తాడు వచ్చింది. మనిషి లేడు.

పెదనాన్న కాసేపు చూసి, ‘నన్ను మళ్ళీ కోసేశార్రా’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. భోజనం చెయ్యకుండా వెళ్ళిపోతానన్నాడు.

నేను అప్పుడే ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. ముందు అన్‌బాక్సింగ్ వీడియో ఉందా అన్నాడు. ఉంది, మేనకోడలు తీసింది అన్నాను. టీవీలో జూమ్ సెట్టింగ్ తీసెయ్యమన్నాడు. తీసే ఉంది అన్నాను. అప్పుడు గొంతు మారింది. అప్పటిదాకా ‘అన్నా, అన్నా’ అన్నవాడు ‘ఏంటయ్యా’ మొదలుపెట్టాడు. మీరు పంపిన ఫ్రేములో మా పెదనాన్న ఉన్నాడు, డిస్కులో లేడు, ఎలా అని అడిగితే ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘అంచున తాడు పట్టుకున్నోడి కోసం సినిమా ఎవడు కొంటాడయ్యా? హీరోయిన్ ఉంది కదా, చూసుకో.’ ఫోన్ పెట్టేశాడు. తర్వాత నా నెంబరు బ్లాక్ చేశాడు.

స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్క కుర్చీలో పెదనాన్న ఉన్నాడు.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఏడు వేల రెండు వందలు చిన్న మొత్తమేమీ కాదు, అయినా పక్కన పెట్టండి. ఆ ముసలాయన ముందు ఆ మాట అన్నందుకు ఈ మనిషిని నేను వదలను.

ఆయన పంపిన ఫొటో ఏంటో ఈ ఉదయం తేలింది. అది సినిమాలో ఫ్రేమే కాదు. అప్పట్లో థియేటర్ల బయట అద్దాల పెట్టెల్లో పెట్టిన ఫొటో కార్డు. షూటింగు దగ్గర స్టిల్ ఫొటోగ్రాఫర్ వేరే కెమెరాతో తీసేది. అందులో నాయిక కెమెరా వైపు చూసి నవ్వుతోంది, సినిమాలో ఆ షాట్‌లో నీళ్ళకేసి చూస్తుంది. పెదనాన్న గురించి నేను చెప్పాక, వెతికి మరీ ఆయన ఉన్న కార్డు పట్టి, దాన్ని ‘స్కాన్ ఫ్రేము’ అని పంపాడన్నమాట. ఇది పొరపాటున పంపింది కాదు, కావాలనే చేసింది.

డిస్కు విషయానికొస్తే, వెనక్కి తిప్పగానే తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డిస్కు అద్దంలా మెరుస్తుంది, లోపలి వలయంలో ఆ టైటిల్ తాలూకు నెంబరు ఉంటుంది. ఇది ముదురు రంగులో ఉంది, లోపల ఖాళీ డిస్కు చేసిన కంపెనీ నెంబరు తప్ప ఏమీ లేదు. పైన బొమ్మ మీద తడి వేలు పెడితే రంగు చేతికంటింది. కంప్యూటర్లో పెడితే బీడీ-ఆర్ (ఎవరైనా రాసుకునే ఖాళీ బ్లూరే డిస్కు) అని చూపించింది. 25 జీబీ పట్టే డిస్కులో సినిమా ఎనిమిది జీబీ కూడా లేదు. సినిమా నడిచేది సెకనుకి 24 ఫ్రేములు (బొమ్మలు). ఇందులో 25 ఉన్నాయి, అంటే టీవీ కాపీ. వేగం నాలుగు శాతం పెరిగింది కాబట్టే పాట శ్రుతి పెరిగింది. 16:9 టీవీకి సరిపోయేలా పక్కలు కోసిన బొమ్మ ఇది, దాదాపు పావు వంతు లేదు. ఇంటర్వెల్ తర్వాత రెండు చోట్ల ప్రకటన వచ్చిన దగ్గర సగం మాటలో తెగింది కూడా.

హక్కుల కాగితం చూపించమని వేరే నెంబరు నుంచి మెసేజ్ పెట్టాను. చూశాడు, జవాబు లేదు.

ఇప్పటికే కట్టినవాళ్ళు పార్సెల్ విప్పేటప్పుడు అడ్రసు చీటీతో సహా వీడియో తీసుకోండి. చాట్లు, ఆ ‘ఫ్రేము’ ఫొటోలు, యూపీఐ రసీదులు ఇప్పుడే దాచుకోండి, ఆయన చెరిపేస్తున్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. డబ్బు మోసానికి సైబర్ నెంబరు 1930. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, ఆయన ఊరికి వెళ్ళక్కర్లేదు. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఇకమీదట ఎవరి దగ్గర కొన్నా బిల్లు అడగండి, అంతే.

నేను సోమవారం ఫిర్యాదు వేస్తున్నాను. మీకూ ఇదే డిస్కు వచ్చి ఉంటే వెనకవైపు ఫొటో, రసీదు నాకు పంపండి, అందరివీ కలిపి ఇస్తే బలం ఉంటుంది. నా ద్వారా కొన్నవాళ్ళు మొహమాటపడకుండా ఫోన్ చెయ్యండి, మీ ఫిర్యాదు కాగితాలు కూడా నేనే రాసిపెడతాను. రెండో విడత ప్రీ-ఆర్డర్ లింకు ఈ ఉదయం కూడా తెరిచే ఉంది, పైన అదే ఫొటో కార్డు పెట్టాడు.