సెకండ్‌హ్యాండ్ మకరోవ్: పేలడంలో భరోసా, పేలకుండా ఉండడంలో జాగ్రత్త

టెక్సాస్‌లో మా ఇంటికి దగ్గరలోని ఒక తాకట్టు దుకాణంలో, బల్గేరియాలో తయారైన పాత మకరోవ్ పిస్టల్‌ను 400 డాలర్లకు కాస్త తక్కువకే కొన్నాను. ఇప్పటికి షూటింగ్ రేంజ్‌లో దానితో 300 తూటాలు కాల్చాను కాబట్టి, చవకగా దొరికే పాత చిన్న పిస్టల్ కోసం చూస్తున్న మనవాళ్లకు పనికొస్తుందని దాని మంచిచెడ్డలు రాస్తున్నాను. హెచ్‌-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి మాత్రం వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప ఇక్కడి ఫెడరల్ చట్టం తుపాకీ కొనుగోలును అనుమతించదు.

1951లో సోవియట్ సైన్యం స్వీకరించిన ఈ పిస్టల్ బరువు సుమారు 730 గ్రాములు, పిడిలోకి దూర్చే తూటాల డబ్బా అయిన మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి. బారెల్ (తూటా బయటికి వచ్చే గొట్టం) ఫ్రేముకు (పిడి ఉన్న చట్రానికి) బిగించి ఉంటుంది, విడిభాగాలు చాలా తక్కువ. పిడిలోని ఒకే ఒక పలక స్ప్రింగు వెనుక ఉండే చిన్న సుత్తి లాంటి హ్యామర్‌ను నెడుతుంది, ట్రిగ్గర్‌ను తిరిగి చోటుకు తెస్తుంది, దాని కింది కొసే మ్యాగజైన్‌ను పట్టి ఉంచుతుంది. పాడయ్యే భాగాలు ఇంత తక్కువ ఉండడమే దీని నమ్మకానికి మూలమని నా అభిప్రాయం.

అయితే కావలసినప్పుడు పేలడం వేరు, అక్కర్లేనప్పుడు పేలకుండా ఉండడం వేరు. పాత పిస్టల్ కొనేవారు ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. నేను దుకాణదారు అనుమతితో ముందుగా మ్యాగజైన్ తీసి, స్లైడ్ (ముందుకూ వెనక్కీ జరిగే పై భాగం) వెనక్కి లాగి, ఛాంబర్ (పేలబోయే తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా నిర్ధారించుకున్నాను. తర్వాత పిస్టల్‌ను మూతి పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని, రబ్బరు ఉన్న కొస కిందికి వచ్చేలా ఒక పెన్సిల్‌ను బారెల్‌లోకి జారవిడిచి ట్రిగ్గర్ నొక్కితే, ఫైరింగ్ పిన్ (హ్యామర్ కొట్టగానే తూటా అడుగును పొడిచి పేల్చే సూది) దెబ్బకు పెన్సిల్ పైకి ఎగిరింది. మళ్లీ హ్యామర్ ఎక్కుపెట్టి సేఫ్టీ మీటను పైకి నెట్టినప్పుడు హ్యామర్ టక్కున పడింది గాని పెన్సిల్ కదలలేదు, అంటే సేఫ్టీ తన పని తాను చేస్తున్నదన్నమాట. ఎక్కుపెట్టిన హ్యామర్‌ను బొటనవేలితో గట్టిగా ముందుకు నెట్టినా జారలేదు. చివరగా స్లైడ్ విప్పించి చెవి దగ్గర ఊపితే లోపల ఫైరింగ్ పిన్ స్వేచ్ఛగా కదులుతున్న చప్పుడు వినిపించింది. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పిస్టళ్లలో గ్రీజు గడ్డకట్టి ఈ పిన్ ముందుకు వచ్చి ఇరుక్కుంటే, స్లైడ్ మూసుకున్న క్షణంలోనే తూటా పేలే ప్రమాదం ఉంది. ఆ చప్పుడు వినిపించకపోతే నేను కొనకుండానే వెనుదిరిగేవాణ్ణి.

ఇన్ని పరీక్షలు నెగ్గినా దీనిలో ఒక లోటు పుట్టుకతోనే ఉంది. నేటి పిస్టళ్లలో చాలావాటికి ఉన్నట్టు ఫైరింగ్ పిన్‌ను ఆపి ఉంచే ప్రత్యేకమైన అడ్డు దీనికి లేదు కాబట్టి, ఛాంబర్‌లో తూటా ఉండగా మూతి కిందికి వచ్చేలా గట్టి నేల మీద పడితే పేలవచ్చు. అందుచేత ఛాంబర్ నింపి నడుముకు పెట్టుకుని తిరగడానికి దీన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

రేంజ్‌లో మొదటి 100 తూటాలలో రెండుసార్లు తూటా ఛాంబర్‌లోకి ఎక్కక అడ్డంగా ఇరుక్కుంది. రెండు మ్యాగజైన్లకూ రంగు చుక్కలు పెట్టి గమనిస్తే తప్పు ఒకదానిదేనని తేలింది, దాని పై అంచు ఒకవైపు వంగి ఉంది. దాన్ని పక్కన పడేసి, స్లైడ్‌ను తిరిగి ముందుకు తెచ్చే రీకాయిల్ స్ప్రింగు కొత్తది వేశాక మిగిలిన 200 తూటాలూ ఒక్క ఆటంకం లేకుండా పేలాయి. దీనికి కావలసింది 9×18 మకరోవ్ అనే కొలత తూటా. దుకాణాల్లో విరివిగా దొరికే 9×19 దీనికి సరిపడదు, ఎక్కించే ప్రయత్నం కూడా చేయకూడదు. 2021లో అమెరికా రష్యా తూటాల దిగుమతిని కట్టడి చేశాక 9×18 కొనుగోలు భారమైంది కాబట్టి, పిస్టల్ ధరతో పాటు ఆ ఖర్చునూ ముందే లెక్క వేసుకోండి. నా పిస్టల్ మాత్రం ఛాంబర్ ఖాళీగా, మంచి మ్యాగజైన్ ఒక్కదానితో, తాళం వేసిన ఇనప పెట్టెలో ఉంటుంది.