మసాజ్, ఏరోబిక్స్ ప్యాకేజీ: ఏడాది దాటాక నా అనుభవం

కర్నూలులో ఆడవాళ్లకు మాత్రమే నడిపే ఒక సెంటర్‌లో చేరి ఏడాది దాటింది. ఫీజులు, టైమింగులు అడిగితే వాళ్లే చెబుతారు, వాటి జోలికి పోను. నేను చెప్పాల్సింది అక్కడి వెయింగ్ మిషన్ గురించి.

మసాజ్‌కు ముందు ఒకసారి, ఆవిరి పట్టాక ఇంకోసారి బరువు చూస్తారు. రెండు అంకెలూ కార్డులో రాసి, తేడా చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు. ‘చూడండి మేడమ్, ఒక్క సిట్టింగ్‌కే ఎంత కొవ్వు కరిగిందో’ అంటారు. మే నెలలో ఒకరోజు నాకు ముప్పావు కిలో తగ్గిందని రాశారు. గొంతెండిపోతుంటే అక్కడే కూర్చుని లీటరు బాటిల్ ఖాళీ చేసి, అదే మిషన్ మళ్లీ ఎక్కాను. తగ్గిందన్నదంతా తిరిగొచ్చింది, పైన ఇంకొంచెం కూడా. కౌంటర్‌లో అమ్మాయి ‘నీళ్లు తాగాక చూడకూడదు మేడమ్’ అంది.

లీటరు నీళ్లు కిలో బరువు. పోయింది చెమట. కొవ్వును పిసికి బయటికి పంపడం ఏ చేతివల్లా కాదు. ఒంట్లో ఇంధనంగా ఖర్చయితేనే అది తగ్గుతుంది, అందులో ఎక్కువ భాగం ఊపిరితోనే కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది.

ఇంతటితో అయిపోతే రాసేదాన్ని కాదు. నా పక్కన చేసే ఒక అమ్మాయికి కాన్పయి ఏడాది కూడా కాలేదు, ఇంకా పాలిస్తోంది. కార్డులో అంకె పెరుగుతుందని నీళ్లు తాగడమే తగ్గించింది. ఒకరోజు క్లాసు మధ్యలో కళ్లు తిరిగి గోడ పట్టుకుని జారిపోయింది. కోచ్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి కూర్చోబెట్టింది. ఆ పిల్ల తేరుకోగానే అడిగిన మొదటి మాట, ‘అక్కా, ఈరోజు బరువు చూడరా?’ ఆ ఎర్ర సున్నా మీద నా కోపం అప్పటినుంచి తగ్గలేదు.

ఏరోబిక్స్ క్లాసు మాత్రం బంగారం. నాకు నలభై దాటాయి, మోకాళ్లు అంతంతమాత్రం. గచ్చు మీద గెంతులు పడక మొదట్లో బాగా నొప్పులొచ్చాయి. కోచ్ గమనించి, ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉండే స్టెప్పులు నేర్పింది: నిలబడిన చోటే మార్చింగ్, పక్కకు అడుగులు, మోకాలు ఎత్తడం. ‘మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం చాలక్కా’ అనేది. వారానికి కనీసం 150 నిమిషాలు ఇలా ఒంటికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

మసాజ్ బ్రహ్మాండం అని మొదట్లో మా వీధిలో అందరికీ చెప్పాను. పిక్కల వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే. కొత్త స్టెప్పులు చేసిన మరునాడు మెట్లు దిగలేని పరిస్థితి. మసాజ్ చేసే ఆమె నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, మడమ నుంచి పైకి నిదానంగా రుద్దితే నొప్పి సర్దుకునేది, మరుసటి క్లాసు ఎగ్గొట్టబుద్ధయ్యేది కాదు. నడుము చుట్టుకొలతకు మాత్రం ఆ నూనెతో పని లేదు.

నాకు ఫలితం కనిపించింది. జాకెట్లన్నీ లోపలికి కుట్టించుకున్నాను. కానీ రాత్రి అన్నం మానేసి ఒక జొన్నరొట్టె, ఆకుకూర పప్పుతో సరిపెట్టుకున్నాను, పొద్దున ఉగ్గాని, బజ్జీ ఆదివారానికే పరిమితం చేశాను. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. పిల్లలు హాస్టల్లో ఉన్నారు, ఉదయం గంట నాది. చంటిపిల్లల తల్లికి, థైరాయిడ్ ఉన్నవాళ్లకు నా లెక్క సరిపోకపోవచ్చు, ముందు డాక్టర్‌ను అడగండి.

ఈసారి నేను క్లాసుకు మాత్రమే డబ్బు కట్టాను. మొదట కుదరదన్నారు, గట్టిగా అడిగితే ఒప్పుకున్నారు. మీరు ప్యాకేజీ తీసుకున్నా సరే, ఆవిరి తర్వాత బరువు చూడొద్దని చెప్పండి. నెలకోసారి టేపుతో నడుము కొలిచి రాయమనండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు డాక్టర్లు. నేను ఇంకా దాటే ఉన్నాను.