బర్చ్‌మియర్‌లో నిక్ లో పాట, అలెగ్జాండ్రియాలో ఒక రాత్రి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, రిచ్‌మండ్ నుంచి అలెగ్జాండ్రియాకి కారులోనే వెళ్లొచ్చు. కానీ శుక్రవారం సాయంత్రం ఐ-95 హైవే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ పని చెయ్యరు. స్టేపుల్స్ మిల్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ఎక్కాం, రెండు గంటల పైచిలుకులో దిగాం. పక్కనే కింగ్ స్ట్రీట్ మెట్రో. ఊళ్లో తిరిగే డాష్ బస్సులకు 2021 నుంచి టికెట్టే లేదు. అది తెలియక మా ఆవిడ కార్డు తీసి చూపించబోతే, డ్రైవరు చెయ్యి ఊపి లోపలికి వెళ్లమన్నాడు.

వెళ్లింది బర్చ్‌మియర్ అనే హాల్లో నిక్ లో అనే గాయకుడి పాట వినడానికి. మా ఆఫీసులో ఆ పేరు ఒక్కరికీ తెలియదు. 1979లో ఈ ఇంగ్లండ్ ఆయన పాట 'క్రూయల్ టు బి కైండ్' అటు బ్రిటన్‌లో, ఇటు అమెరికాలో కూడా 12వ స్థానం దాకా ఎక్కింది. గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో తొలి ఐదు ఆల్బమ్‌లకీ ఈయనే ప్రొడ్యూసర్. 1974 నాటి ఈయన పాట ఒకటి, వేరే గాయకుడి గొంతులో, 'బాడీగార్డ్' సినిమా ఆల్బమ్‌లో ఉంది. విట్నీ హ్యూస్టన్ కోసం ఆ క్యాసెట్ కొన్నవాళ్ల ఇళ్లలో ఈయన ఎప్పటినుంచో ఉన్నాడన్నమాట!

బర్చ్‌మియర్ 1966లో రెస్టారెంటుగా మొదలైంది. ఇప్పుడు 500 మంది పట్టే హాలు. బయటనుంచి చూస్తే గోడౌన్ అనుకుంటారు. సీటు నంబర్లుండవు. తలుపు దగ్గర వరుస నంబరున్న చీటీ ఇస్తారు, ఆ వరుసలో పిలిచి కూర్చోబెడతారు. ఈ సంగతి ముందే చదివి పెందలాడే వెళ్లడం వల్ల స్టేజీకి రెండో టేబుల్ దొరికింది. తిండి టేబుల్ దగ్గరికే తెస్తారు. మేం పిజ్జాతో సరిపెట్టుకున్నాం. పాట సమయంలో మాట్లాడొద్దని అక్కడ రాసి ఉంటుంది, జనం నిజంగానే పాటిస్తారు. మన కచేరీల్లో మృదంగం తని ఆవర్తనం రాగానే కాఫీకి లేచిపోయేవాళ్లు గుర్తొచ్చారు.

తెల్లజుట్టు, దళసరి నల్ల ఫ్రేము కళ్లద్దాలు, ఒకే ఒక్క గిటారు. వెనక బ్యాండ్ లేదు కాబట్టి దాచుకోవడానికేమీ లేదు. పాట మధ్యలో ఎడమచేతి వేళ్లు తీగల మీద జరిగినప్పుడల్లా వచ్చే కీచుమనే చిన్న చప్పుడు కూడా మా దాకా వినిపించింది. హుషారైన పాటల కంటే నెమ్మదివే నాకు బాగా పట్టాయి. 'ది బీస్ట్ ఇన్ మీ' అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ కోసం రాసింది, క్యాష్ 1994లో రికార్డు చేశాడు. నిక్ లో మాజీ భార్యకి క్యాష్ మారుతండ్రి, అంటే మన లెక్కలో ఈయనకి మామగారే. చివర్లో పాడింది తన పాట కాదు, కాస్టెల్లో 'ఆలిసన్'. నా వెనకాయన చప్పట్లు కొట్టడం మర్చిపోయి కూర్చున్నాడు.

హోటల్ సంగతి వేరు. పేరెందుకులెండి, స్టేషన్‌కి నడిచే దూరం. బుకింగ్‌లో చూపించిన ధర ఒకటి, కౌంటర్లో "సదుపాయాల రుసుము" కలిపి చెప్పింది ఇంకొకటి. కిటికీ కింద ఏసీ డబ్బా రాత్రంతా లారీలా గురక పెట్టింది. పదకొండున్నరకి కిందికి దిగి గది మార్పించుకున్నాం. ఆ కుర్రాడు మర్యాదగానే మార్చాడు, రుసుము మాత్రం తగ్గలేదు. ఈసారి వెళితే మెట్రోలో ఒకటి రెండు స్టేషన్ల అవతల గది చూసుకుంటాం.

పొద్దున్న కింగ్ స్ట్రీట్ మీదుగా నది ఒడ్డుదాకా నడిచాం. టార్పెడో ఫ్యాక్టరీ అనే కళాకేంద్రంలో చిత్రకారులు పనిచేసుకుంటుంటే పక్కన నిలబడి చూడొచ్చు, టికెట్ లేదు. మేం గంట అనుకుని రెండు గంటలున్నాం.

తిరుగు రైల్లో మా ఆవిడ క్యాష్ పాడిన ఆ పాట వెతికి రెండుసార్లు వింది. ఇయర్‌ఫోన్ తీసి, "మామగారి కంటే అల్లుడే నయం," అంది.